మాటల సంత: అవ్వ ఉండాదా, ఉన్నిందా?

ఫ్రెంచి చదవడం మన పిల్లలకిప్పుడు వింత కాదు. ఇంటర్మీడియట్‌లో మార్కులు బాగా పడతాయని ద్వితీయభాషగా పుచ్చుకునేవారు కొందరు, పై చదువులకు ఆ దేశం పోదామని రాత్రి క్లాసులకు తిరిగేవారు కొందరు. మొదటి మూడు నెలలూ ముక్కుతో పలికే అచ్చులతో కుస్తీ. తరవాత మూడు నెలలూ బల్ల ఆడదెందుకైంది, పుస్తకం మగవాడెందుకయ్యాడు అని తర్కం. ఇవన్నీ దాటి, హమ్మయ్య అనుకున్నవాడు వెళ్ళి పడే గొయ్యి ఒకటుంది. దాని పేరు 'ఎంపార్ఫే'. భూతకాలంలో ఒక రకం. పేరుకు అర్థం 'పూర్తికానిది' అని.

పూర్తికానిదయితే భూతకాలం ఎలా అవుతుందండీ అని మీరడగవచ్చు. అడగవలసిన ప్రశ్నే. మదనపల్లె దగ్గర కురబలకోట నుంచి ఒక చెల్లెలు ఇంచుమించు ఇదే అడుగుతూ నాలుగు పేజీల ఉత్తరం రాసింది. బెంగుళూరులో ఉద్యోగం, సాయంకాలాలు ఫ్రెంచి క్లాసు, పండగలకు ఊరు. క్లాసులో "మీ ఇంట్లో పెద్దవాళ్ళెవరినైనా గురించి పది వాక్యాలు రాయండి" అన్నారట. ఈ అమ్మాయి తన అవ్వను గురించి రాసింది. మొదటి వాక్యం "మా అవ్వ మంచిది" అని. ఫ్రెంచిలో 'ఎల్ ఎ' అని, అంటే వర్తమానంలో, పెట్టింది. పంతులమ్మ చదివి, "మీ అవ్వగారు ఉన్నారా?" అని అడిగింది. లేదు, నిరుడు పోయింది అని చెబితే, ఎర్రసిరాతో ఆ 'ఎ' కొట్టేసి 'ఎతే' అని దిద్దింది. పది వాక్యాల్లో తొమ్మిదింటికి ఇదే దిద్దుబాటు. పిల్ల ఇంటికొచ్చి ఏడ్చిందట. "అయ్యా, చచ్చిపోతే మంచితనం కూడా పోతుందా? తెలుగులో 'మా అవ్వ మంచిది' అంటే ఎవరూ తప్పు పట్టరే!" అని ప్రశ్న.

ఈ ప్రశ్నను నవ్వి తోసివేయడానికి వీల్లేదు. ఆ పిల్ల చెప్పింది నిజం. తెలుగులో "మా అవ్వ మంచిది" అనే వాక్యంలో క్రియ లేదు. క్రియ లేదు కనక కాలమూ లేదు. ఉన్న అవ్వను గురించీ అదే మాట, పోయిన అవ్వను గురించీ అదే మాట. "మా నాయన బడిపంతులు", "మా తాతది చిత్తూరు" అంటాం. వాళ్ళు బతికి ఉన్నారో లేదో వాక్యం చెప్పదు, మనం చెప్పనక్కర లేదు. ఫ్రెంచివాడికి ఆ సదుపాయం లేదు. ఏ వాక్యానికైనా క్రియ ఉండాలి, క్రియకు కాలం ఉండాలి. నోరు తెరిస్తే చాలు, ఉందా పోయిందా తేల్చి చెప్పాలి. ఇంగ్లీషువాడిదీ అదే గతి. కాని ఇంగ్లీషు మనకు చిన్నప్పటినుంచీ అలవాటై, ఆ ముల్లు మొద్దుబారింది. కొత్తభాషలో గుచ్చుకున్నది.

సరే, ఎంపార్ఫే అంటే ఏమిటో చూద్దాం. మన పిల్లలు దీన్ని ఇంగ్లీషు దారిన నేర్చుకుంటున్నారు, చిక్కంతా అక్కడే. ఇంగ్లీషులో దీనికి సరైన జోడీ లేదు. 'వజ్ డూయింగ్' అంటే ఎంపార్ఫే, 'యూస్డ్ టు డూ' అన్నా ఎంపార్ఫే అని రెండు సూత్రాలు బట్టీ పెట్టిస్తారు. తీరా వాడబోయేసరికి 'ఐ లివ్డ్', 'ఐ న్యూ', 'ఐ హాడ్' వంటివి ఎదురై, ఏ సూత్రానికీ లొంగక వెక్కిరిస్తాయి. అదే తెలుగు దారిన పోతే సగం దూరం తగ్గుతుంది. మనకు 'వచ్చాడు' ఉంది, 'వచ్చేవాడు' ఉంది. 'ఇల్ ఎ వెన్యు' అంటే వచ్చాడు. 'ఇల్ వెనే' అంటే వచ్చేవాడు. ఒకసారి జరిగి తీరిపోయిన పని మొదటిది. మొదలూ తుదీ చెప్పకుండా అలా సాగుతూ వచ్చిన పని రెండవది. మొదటిదాన్ని వారు 'పాసే కోంపోజే' అంటారు.

మనకు పుట్టుకతో తెలిసిన పాఠం ఇది. పిల్లలకు కథ చెప్పేటప్పుడు ఎలా మొదలుపెడతాం? అనగా అనగా ఒక రాజు ఉండేవాడు. ఆయనకు ఏడుగురు కొడుకులు ఉండేవారు. వాళ్ళు రోజూ వేటకు వెళ్ళేవారు. ఇంతవరకూ కథ కదలదు, తెర మీద బొమ్మ ఉన్నట్టుంటుంది. "ఒకనాడు" అన్నామా, క్రియ మారిపోతుంది: ఏడు చేపలు తెచ్చారు, ఎండబెట్టారు. ఒక చేప ఎండలేదు. 'ఎండేది కాదు' అని ఏ అమ్మమ్మా అనదు. ఫ్రెంచి కథలు కూడా 'ఇల్ ఎతే యున్ ఫ్వా' అనే మొదలవుతాయి. అది మన 'అనగా అనగా ఉండేవాడు'కు సరిగ్గా అచ్చు. తరవాత 'ఒకనాడు' అనే మాట రాగానే వారికీ క్రియ మారుతుంది. ఏ క్రియ పెట్టాలో అనుమానం వచ్చినప్పుడు పుస్తకంలోని సూత్రాలు మరిచిపోయి, మనసులో తెలుగు కథ చెప్పుకోండి. పదింట ఎనిమిదిసార్లు దారి దొరుకుతుంది.

యానాం సంగతి తీసుకోండి. గోదావరి ఒడ్డున ముప్ఫై చదరపు కిలోమీటర్ల ఊరు. ఇంట్లో తెలుగు, కచేరీలో ఫ్రెంచి. 1929లో శారదా చట్టం వచ్చి ఇంగ్లీషువారి ఇలాకాలో బాల్యవివాహాలు నిషేధమయ్యాక, ఆ చట్టం చెల్లని యానానికి పెళ్ళివారు బళ్ళు కట్టుకుని వెళ్ళేవారు. వెళ్ళేవారు, పెళ్ళిళ్ళు చేసేవారు, తిరిగి వచ్చేవారు. ఇదంతా ఎంపార్ఫే. 1954లో ఫ్రెంచివారు వెళ్ళిపోయారు. ఇది పాసే కోంపోజే. 1956లో ఒడంబడిక రాసుకున్నారు, 1962లో అది అమలుకు వచ్చింది. ఇవీ అంతే. తారీఖు వేయదగ్గ పనులకు ఒకటి, తారీఖు వేయలేని అలవాట్లకు ఇంకొకటి. (ఆ ఒడంబడికలో, ప్రజాప్రతినిధులు వేరే నిర్ణయం చేసేవరకు ఫ్రెంచి అధికారభాషగా ఉంటుందని ఒక షరతు కూడా ఉంది. కాలాల పాఠం చెప్పేవారికి అదొక మంచి ఉదాహరణ.)

లెక్క తెలిస్తే మాత్రం జాగ్రత్త. "అప్పట్లో మదనపల్లెలో ఉండేవాణ్ణి" అంటాం. "రెండేళ్ళు మదనపల్లెలో ఉన్నాను" అంటాం. రెండో వాక్యంలో 'ఉండేవాణ్ణి' అంటే చెవికి కాస్త ఎబ్బెట్టుగా లేదూ? రెండేళ్ళని కొలిచి ముడి వేసేశాం కనక. ఫ్రెంచిలోనూ అంతే; ఎంతకాలమో కొలిచి చెబితే పాసే కోంపోజే. ఇంగ్లీషులో రెండింటికీ 'ఐ లివ్డ్' ఒకటే. పంతుళ్ళు పిల్లలకు ఈ తేడా చెప్పడానికి గంటలు గంటలు ఖర్చు పెడతారు. తెలుగులో అడిగితే పిల్లవాడు అరనిమిషంలో చెబుతాడు.

'తెలుసు', 'తెలిసింది' అనే జంటకూ అంతే. "నాకప్పటికే తెలుసు" అంటే 'జె సవే', ఎంపార్ఫే. "నాకు నిన్న తెలిసింది" అంటే 'జే స్యు', పాసే కోంపోజే. ఒకే క్రియ, కాలం మారితే అర్థం మారుతుంది. అలాగే 'చేయగలిగేవాణ్ణి' అంటే శక్తి ఉండేది, చేశానో లేదో చెప్పలేదు. 'చేయగలిగాను' అంటే పని అయింది. రానివాణ్ణి గురించి కూడా చూడండి. 'రాలేదు' వేరు, 'వచ్చేవాడు కాడు' వేరు. మొదటిది ఒక రోజు ఫిర్యాదు, రెండోది మనిషి స్వభావం.

ఇంతవరకు అచ్చుభాష తెలుగుతోనే నెట్టుకొచ్చాం. ఇక్కడ అచ్చుభాష చేతులెత్తేస్తుంది. 'ఉన్నాడు' అన్న మాట చూడండి. "అన్నయ్య ఇప్పుడు ఇంట్లో ఉన్నాడు." "నిన్న సాయంత్రం అన్నయ్య ఇంట్లో ఉన్నాడు." రెండూ ఒకటే మాట. ఇప్పుడో అప్పుడో పక్కన ఇంకో మాట వేస్తే గాని తెలియదు. 'చేస్తోంది' కూడా అంతే: "ఇప్పుడు వంట చేస్తోంది", "నేను వెళ్ళేసరికి వంట చేస్తోంది". పత్రికల్లో, పాఠ్యపుస్తకాల్లో మనం వాడే తెలుగుకు ఈ లోపం ఉంది. ఫ్రెంచివాడు 'ఎ' అనీ 'ఎతే' అనీ విడదీసే చోట మనం ఒకే మాటతో కాలక్షేపం చేస్తున్నాం.

కాని కురబలకోటలో అలా కాదు! చిత్తూరు సీమ పల్లెల్లో "చింతచెట్టు ఉండాది" అంటే ఇప్పుడు ఉంది. "ఇక్కడ చింతచెట్టు ఉన్నింది" అంటే అప్పుడు ఉండేది, ఇప్పుడు సంగతి వేరు. "అవ్వ సంగటి కెలుకుతా ఉండాది" అంటే ఇప్పుడు పొయ్యి దగ్గర. "అవ్వ సంగటి కెలుకుతా ఉన్నింది" అంటే ఎంపార్ఫే. ఇందులో ఇంకో తమాషా. "నేను పోయేటప్పటికి సంగటి కెలుకుతా ఉన్నింది" అని ఒక్కనాటి సంగతికీ వాడవచ్చు. "మా చిన్నప్పుడు పొద్దున్నే లేచి సంగటి కెలుకుతా ఉన్నింది" అని ఏళ్ళ తరబడి అలవాటుకూ వాడవచ్చు. ఫ్రెంచి ఎంపార్ఫే సరిగ్గా ఈ రెండు పనులూ ఒకే రూపంతో చేస్తుంది. అచ్చుభాషలో మనం ఒకదానికి 'కెలుకుతోంది' అనీ, ఇంకోదానికి 'కెలికేది' అనీ రెండు రూపాలు వెతుక్కుంటాం.

కనక ఉత్తరం రాసిన చెల్లెలికి నేను చెప్పేది: అమ్మా, నువ్వు ఇంగ్లీషు నుంచి ఫ్రెంచిలోకి అనువదించవద్దు. బడి తెలుగు నుంచి కూడా వద్దు. మీ ఇంట్లో మాట్లాడే మాట నుంచి నేరుగా పో. 'ఉండాది' అనవలసిన చోట 'ఎ', 'ఉన్నింది' అనవలసిన చోట 'ఎతే'. బళ్ళో ఎవరైనా 'ఉన్నింది' అంటే అది మోటు, 'ఉండేది' అనమని దిద్ది ఉంటారు. ఆ దిద్దుబాట్లతో మనం పోగొట్టుకున్న సొమ్ముకు లెక్క లేదు. యాసను చులకన చేసేవారు దాని వ్యాకరణం ఎప్పుడైనా తీరిగ్గా చూశారా అని నాకు సందేహం.

ఇక అసలు ప్రశ్న. 'ఎతే' అని దిద్దితే అవ్వ మంచితనానికి కూడా సున్న చుట్టినట్టా?

కాదు. భూతకాలం అంటే సమాప్తమే అని మనకు ఇంగ్లీషు పాఠాలు నూరిపోసిన భ్రమ. ఫ్రెంచిలో సమాప్తం చెప్పే భూతకాలం వేరే ఉంది. పంతులమ్మ 'ఎల్ ఆ ఎతే' అని దిద్ది ఉంటే నువ్వు ఏడవవలసిందే. అది 'ఫలానా అప్పుడు మంచిగా ఉంది, ఆ సంగతి అయిపోయింది' అన్నట్టు ముడి వేస్తుంది. ఉత్త 'ఎతే' ముడి వేయదు. నువ్వు అవ్వ ఉన్న రోజుల్లోకి వెళ్ళి కూర్చుని, అక్కడినుంచి చూసి చెబుతున్నావు, అంతే. ఆ మంచితనం ఎప్పుడు మొదలైంది, ఎప్పుడు ఆగింది, అసలు ఆగిందా లేదా అన్నది ఆ క్రియ పట్టించుకోదు. పూర్తికానిది అని పేరు పెట్టింది అందుకే. ఫ్రెంచివారు పోయినవారిని తలుచుకునేటప్పుడు ఎక్కువగా ఈ కాలంలోనే మాట్లాడుకుంటారు. మనం 'మా అవ్వ మంచిది' అని క్రియ ఎగరగొట్టి సాధించేదాన్ని వారు క్రియకు తుది చెప్పకుండా సాధిస్తున్నారు.

పది వాక్యాల్లో తొమ్మిదింటికే దిద్దుబాటు పడిందన్నావు. పదో వాక్యం "నిరుడు పోయింది" అన్నది అయి ఉండాలి. దానికి పాసే కోంపోజే తప్ప గత్యంతరం లేదు. 'ఎల్ ఎ మోర్త్' అంటారు. పొరపాటున దానికి ఎంపార్ఫే పెట్టేవు సుమా! 'ఎల్ మూరే' అంటే 'పోతూ ఉంది', ప్రాణం ఇంకా కొట్టుకుంటోంది అని అర్థం.

ఫ్రెంచి రచయితలకు ఈ ఎంపార్ఫే మీద మోజు జాస్తి. ఫ్లోబేర్ తన 'మదామ్ బొవారీ'ని 1857లో పుస్తకంగా తెచ్చాడు. పల్లెటూరి డాక్టరు భార్య, ఏ రోజు చూసినా నిన్నటి రోజే. ఆ విసుగు చెప్పడానికి పేజీలకు పేజీలు ఎంపార్ఫే నడిపాడు. తరవాత 1920లో ప్రూస్త్ ఫ్లోబేర్ శైలి మీద ఒక వ్యాసమే రాసి, అందులో ఈ కాలాన్ని వాడిన తీరును ప్రత్యేకంగా చర్చించాడు. ఒక క్రియారూపం మీద అంత పెద్ద నవలాకారుడు అంత శ్రద్ధ పెట్టాడంటే, మన నవలల్లో 'చేసేవాడు', 'చేశాడు'ల మీద ఎవరైనా అలా రాస్తే చదవాలని నాకు కోరిక.

1895లో మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి కూడా ఈ పాఠం చదివినవారే. 1920లో పారిస్ వెళ్ళి ఫ్రెంచి నేర్చుకున్నారు. ఈలోగా పరదేశాల్లో పెరిగి తెలుగు మరిచిపోయారు. ఆయన ఆశయాలతో నడిచే రిషీవ్యాలీ బడి ఉన్నది కురబలకోట మండలంలోనే. ఆ చుట్టుపక్కల 'ఉన్నింది' అనే మాట వినని రోజుండదు.

సంస్కృతం వచ్చినవారు ఇక్కడొక మోసానికి గురి అవుతారు, ఒక్క మాట చెప్పి పోతాను. సంస్కృత 'లఙ్'కు కూడా దొరలు వ్యాకరణాల్లో 'ఇంపర్‌ఫెక్ట్' అనే పేరే పెట్టారు. పేరు చూసి రెండూ ఒకటనుకోవద్దు. లఙ్ అంటే ఈవేళది కాని భూతకాలం; సాగడం, ఆగడం దానికి పట్టవు. కథల్లో కనబడే 'వసతి స్మ' అన్నది ఎంపార్ఫేకు దగ్గరి చుట్టం. వర్తమాన క్రియ పక్కన ఒక 'స్మ' చేరిస్తే 'నివసించేవాడు' అయిపోతుంది.

రూపం కట్టడం కష్టం కాదు. 'మేము' అనే పురుషలో వర్తమాన రూపం తీసుకుని, చివరి 'ఓఁ' కొట్టేసి, 'ఏ' తగిలించడమే. 'నూ పార్లోఁ' (మాట్లాడతాం) నుంచి 'పార్లే'. 'నూ వెనోఁ' (వస్తాం) నుంచి 'వెనే'. నేను, నువ్వు, అతను, వాళ్ళు, నలుగురికీ పలుకు ఒకటే, రాతలో మాత్రం తోకలు వేరు. మేము, మీరు అన్నప్పుడు 'యోఁ', 'యే' వస్తాయి. ఈ సూత్రానికి లొంగనిది ఫ్రెంచి మొత్తంలో ఒకే ఒక్క క్రియ, 'ఉండు' అనే 'ఎత్ర్'. అది 'ఎతే' అవుతుంది. వేలాది క్రియల్లో ఒక్కటే మొండిది. ఫ్రెంచివారికి ఇంత దయ ఇంకెక్కడా లేదు.

ఎంపార్ఫే చేసే చిత్రాలు ఇంకా ఉన్నాయి. జరగని సంగతి చెప్పడానికి కూడా అదే. "ఇంకొక్క నిమిషం అయితే రైలు తప్పిపోయేది" అంటాం. నిజానికి తప్పలేదు, పాకాల-ధర్మవరం బండి కురబలకోటలో దొరికింది, ఎక్కాం. జరగనిదానికి భూతకాలం ఎందుకు పెట్టామో మనమెవరం ఆలోచించం. ఫ్రెంచివారు కూడా 'ఇంకొక్క నిమిషం' అని చెప్పి, క్రియను ఎంపార్ఫేలో పెట్టి ఊరుకుంటారు. "నేనే గనక ధనవంతుణ్ణయితే మిద్దె కట్టేవాణ్ణి" అన్నప్పుడు మన 'కట్టేవాణ్ణి' మళ్ళీ ఆ అలవాటు రూపమే. ఫ్రెంచిలో 'సి జెతే రీష్' అని మొదటి సగంలో ఎంపార్ఫే వేస్తారు. రెండో సగానికి ఇంకో రూపం వేస్తారు గాని, దాని తోకలు కూడా ఎంపార్ఫే నుంచి అరువు తెచ్చుకున్నవే. (జెతే అంటే అయితే! చెవికి కుదిరిందని చెప్పాను గాని చుట్టరికం ఏమీ లేదు.) వేల మైళ్ళ దూరంలో, ఏ సంబంధమూ లేని రెండు భాషలు జరిగిన అలవాటుకూ జరగని కోరికకూ ఒకే చొక్కా తొడిగాయి.

మర్యాదకూ పనికొస్తుంది. "మిమ్మల్ని ఒకటి అడుగుదామనుకున్నాను" అని మనం భూతకాలంలో పెట్టి జంకుతూ అడుగుతాం. అడగబోయేది ఇప్పుడే అయినా సరే. వారు 'జె వూలే' అంటారు, అదీ ఎంపార్ఫే.

అన్నిటికన్నా నాకు ముచ్చటైనది పిల్లల ఆట. మన వీధిలో పిల్లలు "నువ్వు దొంగవంట, నేను పోలీసంట" అని పంచుకుంటారు. ఎవరో చెప్పగా విన్నట్టు 'అంట' తగిలిస్తే చాలు, ఆట మొదలు. ఫ్రెంచి పిల్లలు అదే పనికి ఎంపార్ఫే వాడతారు. 'నేను రాజుగా ఉండేవాణ్ణి, నువ్వు దొంగగా ఉండేవాడివి' అన్నట్టు చెప్పుకుని, వెంటనే కర్రలు తీసుకుని పరుగు. వ్యాకరణం పుస్తకం వాళ్ళెవరూ తెరవరు.

చెల్లెలు ఉత్తరం చివర ఒక చిన్న సందేహం కూడా అడిగింది. 'మాంజే' రాసేటప్పుడు తోకకు ముందు ఒక 'ఈ' అక్షరం అదనంగా ఎందుకు అని. 'జీ' అనే అక్షరం పక్కన 'ఏ' అక్షరం వస్తే ఫ్రెంచిలో 'గ' అని పలుకుతారు. 'మాంగే' కాకుండా 'మాంజే' అనిపించడానికి మధ్యలో ఆ 'ఈ'ని కాపలా పెట్టారు. మేము, మీరు అన్నప్పుడు తోక 'ఐ'తో మొదలవుతుంది కనక కాపలా అక్కరలేదు, అక్కడ రాయవద్దు. పరీక్షలో అర మార్కు పోయేది ఎక్కువగా ఇక్కడే.